పాత ఫోన్‌కు కనిపించని వైఫై

ఖమరుద్దీన్ చాచాకు సలాం.

మీరు మన బిల్డింగ్‌లో కొత్త వైఫై పెట్టారు కదా, కింది రూమ్ లచ్చన్న మామ పాత ఫోన్‌కు అది కనిపించడం లేదు. అడిగితే మీరు "ఆ డబ్బా పారేసి కొత్తది కొనుక్కో భాయ్" అని నవ్వారట. ఊళ్లో ఉన్న ఆయన భార్యకు పుట్టుకతోనే చెవులు వినబడవు. ఇద్దరూ వీడియోలో చేతులతోనే మాట్లాడుకుంటారు.

మీరు మెట్ల కింద పడేసిన రౌటర్ పెట్టెలోని పుస్తకం మొత్తం చదివాను. పాత ఫోన్లకూ కొత్త వైఫైకీ పొంతన కుదిర్చే సెట్టింగ్ ఉంది. పొంతన! ఎంత మంచి మాట చాచా! దానివల్ల స్పీడు తగ్గి నా ఆన్‌లైన్ క్లాసు ఆగిపోయినా సరే. శుక్రవారం మీరు నమాజు నుంచి వచ్చేసరికి మీ గుమ్మంలో ఉంటాను. మార్చేదాకా కదలను.

"డ్యూటీ అయినంక చేతులకు పనే లేకపాయె బిడ్డా" అన్నారు మామ, నిన్న.

ఇట్లు,
మూడో అంతస్తు టీచరుగారి అమ్మాయి,
నిజ్వా నగరం, గల్ఫ్.