మాకేం లోటు

చిరంజీవి అమ్మాయికి,

నాన్న దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడు, మనవరాలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం ఎవరి చేతా రాయించలేదు, నేనే కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే వంకరగానే చదువుకో. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే నేను ఒక ముక్క అనేలోపు నువ్వు పది అంటావు. కాగితమైతే మధ్యలో అడ్డం రాదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మోకాలు అలాగే ఉంది. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. మా ఇల్లు మేడ మీదుందయ్యా అంటే, అయితే దిగకండి అన్నాడు. చదువుకున్నవాడు కదా, ఏదో ఒకటి చెప్పాలి. కళ్లజోడు ఇంకా మార్చలేదు. మీ అమ్మకి ఒంట్లో బాగానే ఉంది, కాకపోతే నాతో మాట్లాడటం లేదు. ఏం చెప్పాలన్నా పొయ్యితో చెప్తోంది, నాకు వినపడేలాగ. ఎందుకో కింద రాస్తాను.

చిన్నదాని చెయ్యి కాగితం మీద పెట్టి గీసి పంపావు కదా. మెత్తటి తోలు ముక్క చూసి దానికి గ్లౌజులు కుట్టాను. బొటనవేలు దగ్గర మాత్రం రెండుసార్లు విప్పి కుట్టాల్సి వచ్చింది, అంత చిన్న వేలికి నేనెప్పుడూ కుట్టలేదు. ఈ నెలలో మన ఇంటి గడప దాటే సరుకు అదొక్కటే. దానికి ఎవడి ముద్రా అక్కర్లేదు.

షెడ్డు సంగతి అడిగావు. ఏముంది చెప్పడానికి. కుట్టిన గ్లౌజులు తొడిగి ఇస్త్రీ పట్టే ఇనప చేతులు తెలుసుగా, చిన్నప్పుడు వాటితో కరచాలనం చేసి వేళ్లు కాల్చుకున్నావు. అవిప్పుడు చల్లగా వరసగా నిలబడి ఉన్నాయి, ఆగని బస్సుకి చేతులెత్తినట్టు. పరీక్ష ముద్ర పడందే తోలు సరుకు ఓడ ఎక్కకూడదని గవర్నమెంటు నియమం పెట్టిన దగ్గర్నుంచీ ఇదే తంతు. పరాయి దేశంతో ఏదో వ్యాపార ఒప్పందం చేసుకుని, మాట వరసకైనా మనల్ని అడక్కుండా ఒప్పేసుకుని వచ్చారు. పెద్ద ఫ్యాక్టరీలవాళ్లు సొంత ల్యాబులో ముద్ర వేసుకుంటారట. మనలాంటివాళ్లకి దేశం మొత్తానికీ రాజధానిలో ఒకే ఆఫీసు. సరుకు అక్కడికి పోవాలి, వాళ్లకి తీరిక దొరకాలి, తిరిగి నువ్వుండే ఊరి రేవుకి రావాలి. ఈలోపు కొనేవాడు ఇంకో దేశం వాడి దగ్గర కొనుక్కుంటాడు. మన పెట్టెలు నువ్వు పనిచేసే గోడౌనులోనే పడి ఉన్నాయని, ఒకటి విప్పి చూస్తే బూజు పట్టి ఉందని, కుట్టు చూసి నాదేనని గుర్తుపట్టానని రాశావు. ఆ లైను దగ్గర ఉత్తరం మడిచేశాను. మళ్లీ విప్పడానికి చాలాసేపు పట్టింది.

ఇక కమిటీ సంగతి. పూసగుచ్చినట్టు రాయమన్నావు. ఫోన్లో "అన్నీ చెప్పేశాలే" అని పెట్టేశాను కదూ. ఇప్పుడు రాస్తాను.

నువ్వు అర్జీ రాసి పంపబట్టే పార్లమెంటు కమిటీ మన దాకా వచ్చింది. అది నీ గొప్పే, కాదనను. నువ్వే వచ్చి మాట్లాడతానన్నావు. నేనుండగా నువ్వెందుకు, నాకు నోరు లేదా అన్నాను. గ్లౌజులు కుట్టే మన వీధి తరఫున నేనూ, మీ గొణుగుడు మామయ్యా వెళ్లాం. మన ఊరి గవర్నమెంటు ఆఫీసు మేడ మీద పొడుగాటి బల్ల, మనిషికో మైకు, బిస్కెట్ల పళ్లెం. పైన ఫ్యాను నా మోకాలి కంటే గట్టిగా కీచుమంటోంది. ఒక పక్క కమిటీ మెంబర్లు, ఎదురుగా వ్యాపార శాఖ ఆఫీసరు. మేమిద్దరం చివర్న.

కమిటీకి పెద్ద ఒక ఆడమనిషి. మీ అమ్మ వయసు ఉంటుంది. గొంతు పెంచదు గానీ వదలదు.

"ఈ నియమం పెట్టేముందు కుట్టేవాళ్లని అడిగారా?" అంది ఆఫీసర్ని.

"సంబంధిత వర్గాలన్నిటినీ సంప్రదించామండీ."

"ఎవరా వర్గాలు?"

"వివరాలు తర్వాత సమర్పిస్తామండీ."

"చిన్న కుట్టుపనివాళ్లు ఎంతమంది దెబ్బతిన్నారో చూశారా?"

"దెబ్బతిన్నారనడానికి మా దగ్గర ఆధారమేమీ లేదండీ."

"లేదా, వెతకలేదా?"

వాడు నీళ్ల గ్లాసు ఎత్తుకున్నాడు. నాకు ఈల వేయాలనిపించింది. ఆవిడ పట్టు చూసి, ఇవాళ పనైపోయింది వీడికి అనుకున్నాను.

నువ్వు పోయిన ఉత్తరంలో నిప్పులు కక్కావు. పేపర్లో పడిందట. "ఈ నియమం వల్ల తమకే ఇబ్బందీ లేదని వృత్తిలో తలపండిన ఒక పెద్దాయన కమిటీ ముందు చెప్పారు" అని. ఆ ముక్క పట్టుకుని ఆఫీసరు ఆధారం దొరికిందని చెప్పుకుంటున్నాడట. "మన వీధి నుంచి వెళ్లింది ఇద్దరే. నువ్వు అలా అనే మనిషివి కాదు. అంటే మామయ్యే. ఎంతకి అమ్ముడుపోయాడో కనుక్కో నాన్నా, ఇక జన్మలో ఆయన ముఖం చూడను" అని రాశావు. ఇక్కడ వీధి కూడా అదే అనుకుంటోంది. షెడ్డులో చిల్లరమల్లర కుట్లు వేసుకునే ఆడవాళ్లు అతని పక్క బల్లలు ఖాళీ చేసి అవతలికి జరిగారు. దారం అడిగితే వినపడనట్టు ఊరుకుంటున్నారు. టీ కొట్టువాడు సైతం "ఏం సార్, ఇబ్బందేమీ లేదుగా" అని గ్లాసు ఠపీమని పెడుతున్నాడు. మీ మామయ్య ఏదో గొణుక్కుని టీ తాగేసి వస్తున్నాడు. ఒక్కసారి, ఒక్కసారైనా నేను కాదు అనలేదు.

అమ్మాయీ, ఆ పెద్దాయన నేనే.

ఇక్కడ కలం ఆగింది. లేచి మంచినీళ్లు తాగి వచ్చాను. మీ అమ్మ పొయ్యితో "రాశాడో లేదో" అంది.

జరిగింది ఇది. ముందు మైకు మామయ్యకిచ్చారు. మొదట గొణిగాడు, ఎవరికీ వినపడలేదు. గట్టిగా అనండి అంటే మైకు రెండు చేతులా పట్టుకున్నాడు. "ఇల్లు గడవట్లేదండీ, ఎలా బతకాలో తెలీట్లేదండీ" అంటూ అంతమందిలో కళ్లు తుడుచుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. బక్కపల్చటి మెంబరొకాయన "అయ్యో పాపం" అని నాలుక చప్పరించి, "వీళ్లకి దుప్పట్లేమైనా పంచితే బాగుంటుంది" అన్నాడు. దుప్పట్లు! ఓడలు నింపినవాళ్లం మనం. అరికాలి మంట నెత్తికెక్కింది.

అప్పుడు ఆవిడ నా వైపు తిరిగింది. "పెద్దాయనా, మీరు చెప్పండి. నియమం వచ్చాక మీ ఇల్లు ఎలా గడుస్తోంది?"

నువ్వు నేర్పినవన్నీ నోట్లోనే ఉన్నాయి. ముద్ర ఆఫీసు, ఆలస్యం, బూజు. కానీ ఆ బక్కాయన తల పక్కకి వాల్చి నన్నే చూస్తున్నాడు, నాకు సరిపోయే దుప్పటి కొలుస్తున్నట్టు.

"మాకేం లోటమ్మా. శుభ్రంగా ఉన్నాం. ఎవరి ముందూ చెయ్యి చాచే రకం కాదు మేము" అన్నాను.

ఆవిడ మైకు దగ్గరికి జరుపుకుంది. నన్ను ఒడ్డున పడేయాలని చూసింది, ఇప్పుడు తెలుస్తోంది. "ఇంకోసారి అడుగుతున్నాను. ఈ నియమం వల్ల ఇబ్బందేమీ లేదంటారా?"

"లేదు" అన్నాను.

ఆఫీసరు గ్లాసు కింద పెట్టి పక్కవాడితో "రాసుకో" అన్నాడు.

ముందు మన పరువు నిలబెట్టి, ఆ తర్వాత అసలు సంగతి చెబుదామనుకున్నాను. తర్వాత అనేది లేదక్కడ. టైమైపోయింది, ధన్యవాదాలు, మైకు అవతలికి పోయింది. వాళ్లు లేచారు. ఈ మోకాలేసుకుని మెట్ల దాకా పరిగెత్తాను. కార్లు వెళ్లిపోయాయి. మీ మామయ్య వెనకే వచ్చి నా చెప్పు తెచ్చిచ్చాడు, మెట్ల మీద జారిపోయిందట. 

మొన్న వాళ్లింటికి వెళ్లి అడిగాను. "ఎందుకురా నోరు మూసుకుని తిట్లు తింటున్నావు? బావ అన్నాడు, నేను కాదు అని చెప్పొచ్చుగా?"

"చెబితే ఎవరు నమ్ముతారు బావా? నువ్వు ముక్కుసూటి మనిషివి. నేను గొణిగేవాణ్ణి" అన్నాడు.

"గొణిగినా నిజం చెప్పావు కదా!"

"చెప్పాను. ఎవరికి వినపడింది?" అని నవ్వాడు. నాకు చెంప పగలగొట్టినట్టయింది. వచ్చి మీ అమ్మకి చెప్పాను. అప్పట్నుంచీ ఆవిడకి పొయ్యే దిక్కు. తమ్ముడి మీద నింద పడుతుంటే మొగుడు చూస్తూ కూర్చున్నాడు మరి.

ఇవాళ పొద్దున షెడ్డుకెళ్లి ఇనప చేతుల మధ్య నిలబడి అందరికీ చెప్పాను, ఆ మాట అన్నది నేను అని. ఏమన్నారో తెలుసా? "బావమరిదిని బాగా వెనకేసుకొస్తున్నావు పెద్దాయనా" అని నవ్వారు. ఒట్టేశాను. ఇంకా నవ్వారు. నిజం చెప్పే మనిషి అని పేరు తెచ్చుకుంటే, ఆ పేరే ఇవాళ నా నిజాన్ని నమ్మనివ్వడం లేదు. ఎంత ఒళ్లు మండుతోందంటే, ఎవరి మీద మండాలో కూడా తెలియడం లేదు.

కమిటీ ఆఫీసుకి ఫోన్ చేస్తే గుమాస్తా ఎత్తాడు. మీరన్నది అన్నట్టే రికార్డయింది, మేము తప్పు రాసి ఉంటే దిద్దుతాం అన్నాడు. తప్పు నీ రాతలో లేదు నాయనా, నా నోట్లో ఉంది అన్నాను. దానికి వాళ్ల దగ్గర దిద్దుబాటు లేదట. అయితే ఒక ముక్క చెప్పాడు. రిపోర్టు రాసేలోపు రాజధానిలో ఇంకోసారి కూర్చుంటారట, ఆ ఆఫీసర్నే పిలిచి అడుగుతారట. అర్జీ పెట్టిన మనిషి వస్తానంటే ఆ మనిషి మాట కూడా కమిటీ వినొచ్చట.

నువ్వు వెళ్లు. నన్ను పంపకు. ఎవడైనా మళ్లీ నాలుక చప్పరిస్తే నేను మళ్లీ అదే అంటాను, నా సంగతి నాకు తెలుసు.

వెళ్లేటప్పుడు గోడౌనులో ఆ బూజు పట్టిన పెట్టె తీసుకెళ్లి బల్ల మీద విప్పు. ఆధారం లేదన్నాడుగా. నా కుట్టు ఆ స్థితిలో నలుగురి ముందు పెట్టడమంటే నాకు ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. అయినా పెట్టు. ఎవరు కుట్టారని అడిగితే మా నాన్న అని చెప్పు. పోయినసారి లోటు లేదన్న పెద్దాయనేనని కూడా చెప్పు. అయ్యో పాపం అంటే అననీ.

ఈ ఉత్తరం చదవగానే ముందు మామయ్యకి ఫోన్ చేసి క్షమించమని అడుగు. తర్వాత షెడ్డుకి చెయ్యి. నీ మాటైతే నమ్ముతారు.

చిన్నదాని గ్లౌజులు ఇందులోనే పెట్టాను. బిగుతైతే రాయి, విప్పి కుడతాను.

ఇందాకే మొదట్నుంచీ చదువుకున్నాను. పైన ఇక్కడ క్షేమం అని ఉంది. నేను అనుకోకుండానే చెయ్యి రాసేసింది, ఆ రోజు బల్ల దగ్గర నోరు అన్నట్టే. కొట్టేద్దామని కలం పెట్టి ఆగాను. ఉండనీ, అదెలా వస్తుందో నువ్వు చూడాలి. ఇక్కడ మేము క్షేమంగా లేము తల్లీ. ఇది మాత్రం అనుకునే రాశాను.

ఇట్లు,
పేపర్లో పడ్డ పెద్దాయన,
మీ నాన్న.