డాక్టరుగారు అడిగిన నీళ్ళ సంగతి

చిన్నమ్మడికి నాన్న ఆశీస్సులు.

నేను బాగానే ఉన్నాను. మీరూ అక్కడ క్షేమమని తలుస్తాను అని రాయబోయి, ఆసుపత్రికి రాసే ఉత్తరంలో ఆ మాటేమిటని ఆగిపోయాను. నా మనవరాలు పిచ్చుక రెండు ముద్దలు తిన్నదని రాశావు. ఆ ఒక్క వాక్యం పదిసార్లు చదువుకున్నాను.

నువ్వడిగిన స్కూలు కాగితం తెచ్చాను, దీంతోపాటే పంపుతున్నాను. హెడ్మిస్ట్రెస్ "మనవరాలు ఎప్పుడొస్తుంది తాతగారూ?" అంది. కాగితం తీసుకుని పిచ్చుక తరగతి గదిలోకి ఒకసారి తొంగిచూసి వచ్చాను. ఆ గది యుద్ధం రోజుల్లో, ఇదంతా విమానాల మైదానంగా ఉన్నప్పుడు, పైలట్ కుర్రాళ్ళ భోజనశాల. పద్దెనిమిదేళ్ళ పిల్లలు వచ్చి, ఆరునెలల్లో విమానం నడపడం నేర్చుకుని యుద్ధానికి పోయేవాళ్ళు. నాదీ వాళ్ళ ఈడే. విమానాలకు పెట్రోలు పోసేవాణ్ణి. ఇప్పుడు హ్యాంగరు ధాన్యం గోదామైంది, రన్‌వే మీద లారీ డ్రైవర్లకు పరీక్షలు పెడుతున్నారు, మిగిలిన నేలంతా ఇళ్ళ స్థలాలు. ఇదంతా నీకు తెలిసిందే.

తెలియనిది ఒకటుంది.

పిచ్చుకకు ఒంట్లో రక్తం ఎందుకు ఊరడం లేదో తేలక, ఏ నీళ్ళు తాగారని డాక్టరుగారు అడిగారన్నావు. "మా బావి నీళ్ళు, తియ్యగా ఉంటాయి" అని చెప్పావట. అమ్మడూ, యుద్ధం ముగిసిన వారం, మిగిలిన పెట్రోలు పీపాలు పాతెయ్యమని ఆర్డరొచ్చింది. నలభై మూడు పీపాలు గుంటలోకి నేనే దొర్లించాను. సరిగ్గా ఇప్పటి మీ పెరటి గోడ అవతల.

మరి ఆ స్థలమే ఎందుకు కొనిపించావంటావు. అది మనింటికి నాలుగడుగులు. నిన్ను దూరం పంపలేకపోయాను, అంతే. బావి తవ్వించిన రోజు అల్లుడు మొదటి చెంబు నా చేతికిచ్చి, "ఎలా ఉన్నాయి మామయ్యా?" అన్నాడు. వాసన చూశాను. ఏమీ లేదు. ఇన్నేళ్ళకు భూమి మింగేసి ఉంటుందిలే అనుకుని, "బాగున్నాయి, తాగండి" అన్నాను.

పోయిన ఏడాది ఆ నీళ్ళలో పెట్రోలు వాసన తగిలింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే ఇల్లు వదిలి పోతారని, నా ముక్కే పాడైందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నేనూ అవే నీళ్ళు తాగాను. నాకేం కాలేదు, చూడు.

నీ ఉత్తరం అందిన రోజే మున్సిపల్ ఇంజనీరు దగ్గరికి వెళ్ళాను. "మ్యాపులో అలాంటిదేం లేదే" అన్నాడు.

"పాతినవాణ్ణి నేనే బాబూ" అన్నాను.

నిన్న తవ్వారు. పీపాలు తుప్పుతిని జల్లెడలయ్యాయి. ఒక్కదాంట్లోనూ చుక్క లేదు. మీ బావితోపాటు ఇంకో ఆరు బావులు మూసేశారు. ఎదురింటి దర్జీ కోడలు నెలలు నిండిన మనిషి, ఆమె తాగిందీ ఆ నీళ్ళే. దర్జీ నన్ను చూసి తలుపు వేసుకున్నాడు.

ఈ ఉత్తరం ముందు డాక్టరుగారికి చూపించు. అది విమానాల పెట్రోలని తెలిస్తే వాళ్ళకేమైనా దారి దొరుకుతుందేమో. ఆశ పెట్టుకోమని మాత్రం అనలేను. తర్వాత అల్లుడికి చూపించు. నా తరఫున ఒక్క మాటా మాట్లాడకు.

రమ్మని రాశావు. ఏ మొహం పెట్టుకుని రాను? పిచ్చుక తాతయ్య ఎప్పుడొస్తాడని అడిగితే, రేపని చెప్పకు. రాడని చెప్పు.

ఇట్లు,
నీ నాన్న