మళ్లీ పూడ్చిన తల్లి

జనగామ,
9 అక్టోబరు 2011

బలరాం భియాకు,

మనల కన్న యాడి మీద పెట్టిన పంచాయితీల నేను నోరు మెదపలేదని, 'మా సుజాత చదువుకున్నది, మా మాటే ఆమె మాట' అని తండా అంతా చెప్పుకుంటున్నవట. నేనూకుంటే చాలు, ఒప్పుకున్నట్టే నీకు. ఆ పూట నీకు భయపడ్డ, గంతే.

తెలంగాణ సమ్మెతోని కాలేజీ మూతపడ్డది. హాస్టల్ గదిల మూడు మంచాలు ఖాళీ. మనిషి గొంతు వినబడాలని పుస్తకం పైకే చదువుకున్న. మెక్సికోల అజ్‌టెక్ జనానికి ఒక తల్లి దేవత, కోవాత్లిక్వే. లంగా అంతా పాములే. బొమ్మ చూస్తే యాడి అద్దాల లంగా యాదికొచ్చి నవ్వొచ్చింది. ఆ తల్లి కొండ మీద గుడి ఊడుస్తుంటే పైనుంచి ఈకల ఉండ పడ్డదట. తీసి నడుముల దోపుకుంటే కడుపయింది. పరువు తీసిందని నాలుగు వందల మంది కొడుకులు చంపబోయిన్రు. ముందు నడిచింది ఎవరో తెలుసా? కూతురు.

రెండు రోజులు ఆ పేజీ తిప్పలేకపోయిన.

నాయిన పోయి ఆరేండ్లు. యాడికి ఐదో నెల అని తెలిసినకాడి నుంచి అందరూ 'ఎవడు, ఎవడు' అన్నరే గాని, తిన్నవా అని ఒక్కరడగలే. నేను గూడ అడగలే. నువ్వు నాకు పని అప్పజెప్పినవు: 'ఆడపిల్ల చెప్తే వింటది. చిట్యాల అత్త ఇంట్ల దాచిరా. పుట్టినంక ఎవరికన్న ఇచ్చేద్దాం.'

ఆ తల్లి రాతి విగ్రహం రెండు వందల ఏండ్ల కింద మట్టిల దొరికితే, జనం దీపాలు పట్టుకొని వచ్చిన్రట. జనం మళ్ల ఆమెనే మొక్కుతరని ఏలేటి తెల్లదొరలు భయపడి మళ్లీ పూడ్చిన్రు. ఇయ్యాల అదే విగ్రహం మ్యూజియంల నిలబడ్డది. అక్కడి ఆడోళ్లు గోడల మీద ఆమె బొమ్మేసుకుంటున్నరు.

మొన్న నర్సింహులపేటల నువ్వు తెలంగాణ తల్లికి దండేసి, గొంతు పోయేదాక జై కొట్టినవని నీ దోస్తు కైసర్ చెప్పిండు. ఇంట్ల తల్లిని పూడ్చనీకి నన్ను పంపుతవా?

నిన్న యాడికి ఫోన్ చేసిన. "తిన్నవా యాడి?" అన్న.

"నువ్వు తిన్నవా బిడ్డా?" అన్నది.

హాస్టల్ ఖాళీ చేసిన. ఇక్కడ చోటీ బీ అనే ఆమె ఇంటెనక గది తీసుకున్న. ఎల్లుండి ఆమె కొడుకు ఆటోల వచ్చి యాడిని తోల్కొచ్చుకుంట. కాన్పు జనగామల్నే. బిడ్డను ఎవరికీ ఇయ్యం.

నీ చెల్లె,
సుజాత