మూడో గానుగ ఆడేశాక

విశాఖపట్నం,
ఫిబ్రవరి 2023

చోడవరంలోని చిన్నాన్న పరదేశిగారికి ప్రవల్లిక నమస్కారాలు.

ఫోనులో కోర్టు మాటెత్తితే అమెరికావాళ్ళు వింటారని మీరు భయపడుతున్నారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. జనవరిలో న్యూజెర్సీ కోర్టు ఇచ్చిన తీర్పు చదివాను. మీరు పంపిన బెల్లం నీరు కారిపోయిందనీ, దాన్ని కొన్న కంపెనీవాళ్ళ నష్టమంతా మీరే కట్టాలనీ తేల్చేశారు. అక్కడ మనం పెట్టిన లాయరు బాగానే వాదించాడు, ఓడిపోయాం.

ఒక్కటే ఊరట. అమెరికా తీర్పును మన కోర్టు నేరుగా అమలు చెయ్యదు. కంపెనీవాళ్ళు ఇక్కడికొచ్చి ఆ తీర్పు మీద కొత్తగా దావా వెయ్యాలి. అదీ తీర్పు వచ్చిన మూడేళ్ళలోపే. గడువు దాటితే ఇక్కడ దానికి విలువ లేదు. దాటకముందే వేస్తే మాత్రం మీ గానుగ షెడ్డు, చెరుకు పొలం జప్తుకొస్తాయి. అందుకని గప్‌చుప్‌గా ఉండండి. బాకీ ఒప్పుకుంటూ ఎక్కడా సంతకం పెట్టకండి. పెడితే ఆ రోజు నుంచి మూడేళ్ళు మళ్ళీ మొదలవుతాయి.

ఇట్లు,
ప్రవల్లిక, అడ్వకేట్

తా.క.: ఫీజు ఎంతని అడిగారు. పిన్ని చేతి చేపల పులుసు చాలు.

చోడవరం,
ఆగస్టు 2024

చిరంజీవి ప్రవల్లికకు చిన్నాన్న ఆశీస్సులు.

అందరం క్షేమం అని రాద్దామంటే మీ పిన్ని అచ్చియ్యమ్మ ఆసుపత్రిలో ఉంది. సంతకం పెట్టొద్దని నువ్వు చెప్పిన దగ్గర్నుంచి నేను దేనిమీదా పెట్టలేదు. బ్యాంకువాళ్ళు బతిమాలినా పెట్టలేదు. మొన్న అచ్చియ్యమ్మకి కడుపులో రాళ్ళని ఆపరేషన్ అన్నారు, భర్త సంతకం కావాలన్నారు. నేను పెన్ను ముట్టుకోలేదు. ఏ కాగితం తిరిగి తిరిగి అమెరికా చేరుతుందో మనకేం తెలుసు?

డాక్టరమ్మ నన్ను పురుగుని చూసినట్టు చూసింది. ఇలా వాదులాడుకుంటూ రెండు రోజులు గడిపేశాం. చివరికి మీ పిన్నే మంచం మీంచి చెయ్యి చాపింది. "ఇలాగ తే, నా సావుకి నానే సంతకం ఎడతాను. ఈ మనిషికి నాకన్నా గానుగే ఎక్కువ" అంది. ఆలస్యానికి లోపల చీము పట్టిందట. బతికింది గానీ లేచి నాలుగడుగులు వెయ్యలేకపోతోంది. నాతో మాట్లాడటం లేదు.

ఇట్లు,
ఎవరో నీకు తెలుసు

తా.క.: పేరు రాయనందుకు ఏమీ అనుకోకు. జాగ్రత్త.

విశాఖపట్నం,
ఆగస్టు 2024

చిన్నాన్నకి ప్రవల్లిక నమస్కారాలు. నమస్కారం పెట్టాలని లేదు, పెద్దవారు కాబట్టి పెడుతున్నాను.

నేను చెప్పింది కంపెనీవాళ్ళకి సంతకం పెట్టొద్దని. ఆసుపత్రిలో పెట్టొద్దని ఎవరన్నారు? పిన్నికి ఏదైనా అయ్యుంటే నేను ఏ మొహం పెట్టుకుని మీ గడప తొక్కేదాన్ని? బ్యాంకులో పెట్టండి, ఎక్కడైనా పెట్టండి. గడువు తీరాక నేనే చెబుతాను. ఈలోగా మీ అంతట మీరు ఏ తెలివీ ప్రదర్శించకండి.

ఇట్లు,
ప్రవల్లిక

తా.క.: పిన్ని కాళ్ళు పట్టుకోండి. దానికి సంతకం అక్కర్లేదు.

చోడవరం,
ఏప్రిల్ 2025

చిరంజీవి ప్రవల్లికకు చిన్నాన్న శతకోటి ఆశీస్సులు.

గండం గడిచింది తల్లీ! మూడో గానుగ ఆడేసింది. తీర్పొచ్చినప్పుడు ఆడుతున్నది ఒకటి, తర్వాతి ఏటిది రెండు, మొన్న పొయ్యి ఆర్పింది మూడు. మన ఊళ్ళో కౌలైనా చేబదులైనా మూడేళ్ళంటే మూడు గానుగలే కదా. నీకు పనుల హడావిడిలో గుర్తుండదని నేనే లెక్కేసుకున్నాను.

లావాదేవీ తెగిపోయినప్పుడు అవతలివాడి నోరు తీపి చెయ్యడం మా బెల్లం వర్తకుల మర్యాద. అందుకని మాడుగుల హల్వా రెండు కిలోలు కంపెనీకి పార్శిల్ చేశాను. పక్కింటి టీచరు సంధ్యారాణి చేత ఇంగ్లీషులో ఉత్తరం కూడా రాయించి, కింద సంతకం పెట్టాను. "అయ్యా, మీ బాకీ నేను కట్టవలసిన మాట నిజమే. బెల్లం తడిసింది మా షెడ్డులోనే. ఎగ్గొట్టే బుద్ధి నాకు లేదు, గడువు దాటిపోయింది, అంతే. మనసులో పెట్టుకోకండి." ఇన్నాళ్ళూ దొంగలాగా బతికాను. రాశాక గుండె తేలికైంది. మీ పిన్ని కూడా నోరు విప్పింది. "ఇన్నాళ్ళకి నీ మొకంలో నవ్వు సూసేను" అంది.

ఇట్లు, బోలెడన్ని సంతకాలతో,
పరదేశి
పరదేశి
పరదేశి

తా.క.: "మీకు విశాఖలో ఏ కోర్టు పనున్నా మా అమ్మాయి ప్రవల్లిక ఉంది, బాగా చూస్తుంది" అని కంపెనీ ఉత్తరంలో నీ అడ్రసు కూడా రాయించాను. నలుగురికీ తెలియాలి కదా.

విశాఖపట్నం,
జులై 2025

చిన్నాన్నకి ప్రవల్లిక నమస్కారాలు.

పోయిన నెల న్యూజెర్సీ కంపెనీ నుంచి నాకు ఈమెయిల్ వచ్చింది. చోడవరంలో పరదేశి అనే ఆయన మీద దావా వెయ్యాలి, మీ ఫీజు ఎంత అని అడిగారు. ఇండియాలో మీ వెంటపడటం దండగని వాళ్ళు ఆ ఫైలు ఎప్పుడో మూసేశారట. హల్వా అందాక మళ్ళీ తెరిచారు.

నేను కుదరదన్నాను. మా పై అంతస్తులో ఉన్న లాయరు కుదురుతుందన్నాడు. నిన్న దావా వేశాడు.

తీర్పు వచ్చింది జనవరిలో. మూడేళ్ళు నిండేది వచ్చే జనవరికి. మీకు గానుగలు మూడయ్యాయి గానీ ఏళ్ళు మూడు కాలేదు. నోరు మెదపకుండా వచ్చే చలికాలం గడిపేస్తే సరిపోయేది. ఇప్పుడు మీ సంతకం నుంచి గడువు మళ్ళీ మొదలైంది. కోపం రావడం లేదు చిన్నాన్నా, ఏడుపొస్తోంది. మన కోర్టులో నేనే వాదిస్తాను, కానీ గెలిచే దారి నాకు కనబడటం లేదు. షెడ్డు, పొలం రెండూ పోతాయి. ఆ మాట పిన్నితో మీరే చెప్పండి. నా వల్ల కాదు.

ఇట్లు,
ప్రవల్లిక

తా.క.: దావా కాపీ చదివాను. ఎవరి బలవంతమూ లేకుండా, మనస్ఫూర్తిగానే మీరు బాకీ ఒప్పుకున్నారనడానికి కంపెనీవాళ్ళు హల్వానే రుజువుగా చూపించారు. చాలా బాగుందని కూడా రాశారు.