కాకి ముట్టిన వేళ

బరంపురం,
16 జూన్ 1927

ప్రియమైన నాన్నగారికి,

కాలి కట్టు విప్పేదాకా మీరు మంచం దిగకూడదు గనక ఇక్కడి సంగతులు నేనే రాస్తున్నాను. అక్క నూతిలో పడి నేటికి పదకొండు రోజులు. నిన్న పదోనాటి కర్మ పెరట్లో నూతి పక్కనే చేశారు.

అరుగుమీద వాయసపిండం పెట్టారు. వేపచెట్టు నిండా కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు. "ఆవిడకేదో కోరిక మిగిలిపోయింది, అడగండి" అన్నారు పురోహితులు. బావగారు చేతులు జోడించి ముందుకు రాగానే రెండు కాకులు రివ్వున దిగి, కొత్తగా గొరిగిన ఆయన తలమీద పొడిచాయి. నెత్తురు చెవిమీదుగా కారింది. "బాలా, నీ చెల్లెల్నే చేసుకుంటాను. నీ పిల్లకి తల్లిని తెస్తాను" అని ఆయన ఏడ్చారు. తల కడుక్కోడానికి లోపలికి వెళ్ళారు. కాకులు దిగి పిండం ముట్టాయి.

ఆడవాళ్ళంతా నావైపు తిరిగారు. నేను పాపను ఎత్తుకుని తల వంచుకున్నాను. చూసింది చూసినట్టు రాశాను. ఏమనుకోవాలో నాకు తోచలేదు.

పిట్టల పుస్తకం తెచ్చుకున్నాను. వంటింటి కిటికీలోంచి గోరింకలు, ఒక జెముడుకాకి కనిపిస్తాయి. పాప పడుకున్నప్పుడు రాసుకుంటున్నాను.

మీ
కమల

పురుషోత్తంపూర్,
20 జూన్ 1927

చిరంజీవి కమలకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. కాకి ముట్టిందంటే నా పెద్దకూతురు ఒప్పుకున్నదన్నమాట. ఇంక నేను కాదనడానికి ఎవర్ని? శ్రావణంలో ముహూర్తం పెట్టమని అల్లుడికి రాశాను. ఇరవై ఏళ్ళ పిల్లవు, కాన్వెంటు చదువూ అయింది. పిట్టలు ఆ పెరట్లోనూ ఉంటాయి. పాపకు నీకంటె తల్లి ఎవరు?

నువ్వు కూర్మయ్య బాబాయితో బండెక్కిన మర్నాడు నీ పేర అక్క కార్డు ఒకటి వచ్చింది. ఆ అక్షరాలు చూడలేక పెట్టెలో పెట్టేశాను.

నీ మేలు కోరే
నాన్న

బరంపురం,
27 జూన్ 1927

ప్రియమైన నాన్నగారికి,

కాకులు ఈ ఇంట్లో బావగారిని తప్ప ఎవర్నీ పొడవవు. పన్నెండు రోజులనుంచి చూస్తున్నాను. ఆయన పెరట్లోకి గొడుగు లేకుండా వెళ్ళలేరు. గొడుగు గుడ్డ చిరిగిపోయింది. అంట్లు తోమే గురువమ్మ అంది గదా, "నాను రోజూ ఆ సెట్టుకిందే కూకుంటాను అమ్మడూ, నన్నొక్కటీ ముట్టదు. ఆయన గుమ్మం దాటితే సాలు, కాకులన్నీ వొచ్చి మీద పడతాయి. ఏటి సేసినాడో ఆటికే తెలాల."

మొన్న ఆయన అన్నంలో ఎలకలమందు కలిపి గోడమీద పెట్టారు. పదకొండు కాకులు, రెండు గోరింకలు చచ్చాయి. ఒక కాకి ఇంకా కొట్టుకుంటుంటే రోకలితో తల చితక్కొట్టి, కాళ్ళకు తాడు కట్టి బట్టల తీగకు వేలాడదీశారు. ఎందుకని అడిగాను. నా మణికట్టు పట్టుకుని మెలితిప్పారు. గురువమ్మ ఆముదం రాస్తూ, "అమ్మకి ఆకరి నీల్లు పోసినప్పుడు సూసినాను, సేతులనిండా ఇలాటి మచ్చలే" అంది.

ఆవేళ మూడింటికి అక్కను నూతిలో చూసింది గురువమ్మే. అప్పటికే గట్టు పక్క ఒక బుట్ట నలిగి ఉందట, దానికింద కాకిపిల్ల చితికిపోయి ఉందట. కాకులు గోలగోలగా అరుస్తున్నాయట. బావగారు పొద్దున్న కచేరీకి వెళ్ళి దీపాలవేళ గాని రాలేదని పోలీసులతో చెప్పారు.

కాకి తన పిల్లను చంపిన మొహం మరిచిపోదు. ఆ మొహం కళ్ళారా చూసి ఉండాలి. పిండం ముట్టింది ఆయన మాటకు కాదు, ఆయన లోపలికి వెళ్ళినందుకు.

ఆ కార్డు తీయండి. తారీఖు చూడండి. అక్క కాకిపిల్ల సంగతేమైనా రాసిందా?

మీ
కమల

పురుషోత్తంపూర్,
30 జూన్ 1927

నా తల్లీ కమలా,

కార్డు ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను. బరంపురం ముద్ర జూన్ ఆరు, సోమవారం.

"కమలా, నీ పుస్తకంలో రాసుకో. ఈ పొద్దున్న, మీ బావగారు కచేరీకి వెళ్ళాక, వేపచెట్టుమీంచి కాకిపిల్ల పడింది. నోరెర్రగా తెరిచి నన్నే చూసింది. నూతిగట్టు దగ్గర బుట్ట బోర్లించి ఉంచాను. అన్నం పెడితే తిన్నది. పెద్ద కాకులు కాసేపు అరిచాయి, తర్వాత నన్ను నమ్మాయి. మీ బావగారికి ఇలాంటివి కిట్టవు. ఆయన వచ్చేలోగా కొమ్మమీదికి ఎక్కించేస్తాను. గురువమ్మ ఈ కార్డు డబ్బాలో వేస్తానంది."

అంటే కచేరీకి వెళ్ళిన అల్లుడు మూడింటిలోపే ఇంటికొచ్చాడన్నమాట. ఉగాదికి ముందు అక్క ఏడుస్తూ ఇక్కడికొచ్చింది. సర్దుకోమని నేనే బండెక్కించాను. నా చేత్తోనే ఎక్కించాను.

పాపను తీసుకుని ఉన్నపళంగా వచ్చెయ్యి. ఆయనతో ఏమీ అనకు.

నాన్న

బరంపురం,
13 జూలై 1927

ప్రియమైన నాన్నగారికి,

బావగారు గొడుగుతో కాకుల్ని తోలుతూ కాలుజారి నూతిలో పడ్డారని మీకు తంతి ఇచ్చారు. అందరూ అదే అనుకుంటున్నారు. మీరు ఇది చదివి పొయ్యిలో పెట్టండి.

మీ ఉత్తరం శనివారం వచ్చింది. నాకంటె ముందు ఆయన చదివారు. ఆదివారం మధ్యాహ్నందాకా జేబులో ఉంచుకున్నారు. అన్నం తిని చెయ్యి కడుక్కుని, నా జుట్టు పట్టుకుని పెరట్లోకి ఈడ్చారు. "ఏటే, కాకుల్ని సాక్ష్యం పిలుస్తావా? మీ అక్క పిల్లకాకికి అడ్డం వచ్చింది. నువ్వు దేనికి అడ్డం వస్తావో చూస్తాను" అన్నారు. నా తల గట్టుకేసి రెండుసార్లు కొట్టారు. నూతిలోకి వంచారు. నీళ్ళలో నా మొహం కనిపించింది.

ఆవేళ కోపంలో గొడుగు తెచ్చుకోలేదు. కాకులు దిగాయి. మందుకు చావనివన్నీ దిగాయి. ఒకటి కంట్లో పొడిచింది. ఆయన నన్ను వదిలి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగారు. గట్టు అక్కడ మోకాలెత్తే.

చాలాసేపు గోడ పట్టుకుని తేలారు. రెండుసార్లు నన్ను పిలిచారు. మూడోసారి అక్కను పిలిచారు. చేంతాడూ బొక్కెనా నా పక్కనే ఉన్నాయి. నేను వెయ్యలేదు. అరుగుమీద కూర్చుని గట్టుమీది కాకుల్ని లెక్కపెట్టాను. పంతొమ్మిది.

మూడింటికి గురువమ్మ వచ్చింది. నూతిలోకి చూసింది, నన్ను చూసింది. నా నుదుటి నెత్తురు తుడిచి, జుట్టు ముడివేసింది. "నోపలికెల్లి పాపకాడ కూకో" అంది. తర్వాత వీధిలోకి వెళ్ళి కేకలు పెట్టింది.

రేపు పాపతో బయల్దేరుతున్నాను. కూర్మయ్య బాబాయి బండి కుదిర్చారు.

నిన్న ఆయన పదోరోజు. పినతండ్రి కొడుకు పిండం పెట్టాడు. కాకులు ముట్టలేదు. నేనక్కడ ఉండటంవల్లనేమో అనుకుని లోపలికి వెళ్ళి, కిటికీలోంచి పొద్దుగూకేదాకా చూశాను.

అప్పుడూ ముట్టలేదు.

మీ
కమల