‘అవ్’ అంటే చాలు

అక్సా డాడీ,

అక్సాను తీసుకుని వైరా పోతున్నాను. అక్కడ మనం కొనాలనుకున్న ఇంటివాళ్లను ఇంకో వారం ఆగమని అడిగి వస్తాను. అన్నం, పప్పుచారు పొయ్యి మీద ఉన్నాయి. తిన్నాక వంటింటి కిటికీ మూయండి, కోతులు దూరతాయి.

మన ఇల్లు బేరమాడుతున్న చండ్రుగొండ సారు సాయంత్రం మళ్లీ వస్తాడట. ఈసారి ఖాయం! నిన్న మీరిద్దరూ ముందుగదిలో వాస్తు మీద కొట్లాడుకుంటుంటే, ఆయన భార్య వంటింట్లోకి వచ్చి మెల్లగా అడిగింది: “అక్కా, పెరట్ల రోలు మాకు ఇడిసిపెట్టి పోతరా?” ఇల్లు నచ్చకపోతే రోలెందుకు అడుగుతుంది చెప్పండి! నాకైతే అక్కడే గంతేయాలనిపించింది.

అందుకే ఆయన ఎన్ని వంకలు పెట్టినా పెట్టనివ్వండి. వాకిలి దక్షిణం అంటే “అవ్” అనండి. వంటిల్లు చిన్నది అంటే “అవ్” అనండి. నిన్నటిలా “ఏందీ, నా ఇల్లు ఇరుకా? ఇష్టముంటే కొను, లేకుంటే నడువు” అనొద్దు. ఆయన చెప్పులేసుకుంటుంటే నా ప్రాణం పోయింది.

అయినా పెళ్లైనప్పటి నుంచి “ఇరుకు కొంప, ఇరుకు కొంప” అని నన్ను సతాయించింది ఎవరట?

– మహిమ

రోలు ఇస్తానని ఆమెకు మాటిచ్చేశాను, కోప్పడకండి. ఇంకో మాట. ఆయన ఇరుకు అన్నప్పుడు నాకూ ఒళ్లు మండింది. మీరు కసిరితే లోపల నవ్వుకున్నాను. కానీ ఈ ఒక్క సాయంత్రం ఇది మన ఇల్లు కాదనుకోండి.