పసుపు తీసేసిన చినార్లు

అక్టోబర్ 24, 2024, గురువారం

ఇంకో పెళ్లి ఆల్బమ్ వాపసు వచ్చింది. ఈ నెలలో రెండోది. నలుగు ఫోటోల్లో పెళ్లికూతురి ముఖానికి పసుపే లేదు, విభూతి పూసినట్టుంది. వాళ్లమ్మ యశోదమ్మగారు వచ్చి, ఆల్బమ్ కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయారు.

నారాయణగూడలో ముప్పై ఏళ్ల నుంచి నాన్నది కలర్ ల్యాబ్. మానిటర్‌ని నమ్మడు, తన కంటితోనే రంగుల కరెక్షన్. ప్రింట్ పేపర్ లాటే మంచిగ లేదన్నాడు. కళ్లు చూపించుకోమన్నాను. కన్నే పోయిందంటే ఇంక నేనేంది అని, అన్నం తినకుండా పడుకున్నాడు.

రేపు కాలేజ్ ఫ్రెండ్ రాగిణితో కశ్మీర్ ఫ్లైట్. వెళ్లాలనే ఉంది. అదే సిగ్గుగా ఉంది.

అక్టోబర్ 27, పహల్గాం, ఉదయం 7

వేళ్లు మొద్దుబారాయి. చినార్ చెట్లు పసుపూ ఎరుపూ ఆకులతో నిప్పంటుకున్నట్టున్నాయి. రెండు వందల షాట్లు తీశాను. హోటల్ వైఫైలో నాన్నకి పది పంపాను.

తర్వాత ఫోన్ చేసి, కాంతి మీద నేను చదువుతున్న సైన్స్ పుస్తకం గురించి చెప్పాను. కాంతి అనగానే ఈ రచయితలంతా ఎవరో ఒకర్ని రైలెక్కించి చేతికి టార్చి ఇస్తారు. రైలెందుకు, సాయంత్రం ఆరింటికి నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కమను, కాంతి గూడ ఇరుక్కుంటది అన్నాడు నాన్న. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

అక్టోబర్ 28

నా చినార్ల నుంచి నాన్న పసుపంతా తీసేసి పంపాడు.

అదే రోజు, సాయంత్రం

కెమెరా సెట్టింగ్ తప్పట, ఎల్లో ఎక్కువైందట, జర సరిచేసిండట. ఆకులు తెల్లబడి, జ్వరమొచ్చి లేచినట్టున్నాయి.

పుస్తకంలో ఆరో చాప్టర్. వయసుతో కంటి లెన్స్ మెల్లగా పసుపెక్కుతుంది, అన్నిట్లో పసుపు ఎక్కువగా కనిపిస్తున్నా ఆ మనిషికి తెలియదు. మొదటిసారి ఈ పుస్తకం మీద జోక్ వేయబుద్ధి కాలేదు.

ఇప్పుడే చెప్పెయ్యమంది రాగిణి. ఫోన్లో చెప్పేది కాదిది.

నవంబర్ 4, సోమవారం

షాపు మెట్ల మీద, ఎండలో, నాన్న సరిచేసిన చినార్ ఫోటో ప్రింట్ పెట్టాను. పక్కనే ఆ చెట్టు కింద ఏరుకొచ్చిన ఆకు.

నాన్న ఆకు తీసి ప్రింట్ మీద పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

"ఇది నేను చేసిందేనా?"

"అవును నాన్నా."

"మరి యశోదమ్మగారి బిడ్డ ఫోటోలు..."

తలూపాను. ముందే చెప్పొచ్చు కదా అన్నాడు. చెప్తే అన్నం మానేస్తవ్ అన్నాను. నవ్వబోయాడు, రాలేదు. స్కూటర్ తాళం నా చేతిలో పెట్టి, ఏ డాక్టర్ దగ్గరికో నువ్వే తీస్కపో అన్నాడు.

నవంబర్ 5

యశోదమ్మగారికి తనే ఫోన్ చేశాడు. తప్పు పేపర్‌ది కాదమ్మా, నా కన్నుది అన్నాడు. నేను లోపలికి వెళ్లిపోయాను.

నవంబర్ 21

కుడి కంటికి ఆపరేషన్ అయింది, పసుపెక్కిన లెన్స్ తీసి కొత్తది పెట్టారు. ఎడమది వచ్చే నెల. ఇవాళ కట్టు తీశారు. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత రెండోది మూసి. ఏంది నాన్నా అంటే,

"జర కదలకు బిడ్డా. ఎడమది గూడ చేసినంక ఈ పాత రంగులల్ల నువ్వు మళ్ల కనపడవు."